ఎడమ బుగ్గ

నా గడ్డం మీద అన్నం మెతుకు ఉంటే నాకు తెలీదు. ఎదుటివాళ్ళకు తెలుస్తుంది. చెప్పాలా వద్దా అని వాళ్ళు ఒక్క క్షణం తటపటాయిస్తారు. అది వాళ్ళ కళ్ళల్లో చూసి నేను చెయ్యి పెట్టి తుడుచుకుంటాను. చేతికి మెతుకు తెలుస్తుంది. మెతుకున్న చోటుకి మాత్రం చెయ్యి వచ్చిందని తెలీదు. జనవరిలో ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఇదే పరిస్థితి. ఎడమ కంటి కింద నుంచి గడ్డం దాకా, పెదవుల్లో సగం, లోపల చిగుళ్ళు, బుగ్గ, నాలుక ముందు భాగంలో ఎడమ సగం, ఇవన్నీ నావే, కానీ నాకు కబురు పంపడం మానేశాయి. ముక్కు మధ్య నుంచి ఎవరో స్కేలు పెట్టి గీత గీసినట్టు ఉంటుంది. గీతకి ఇవతల నేను, అవతల ఎవరో.

జబ్బు పేరు ట్రైజెమినల్ న్యూరాల్జియా. సల్మాన్ ఖాన్‌కి వచ్చిందే అంటే చాలామంది వెంటనే తలూపుతారు, కొంచెం గౌరవంగా కూడా చూస్తారు. ముఖంలో స్పర్శని మెదడుకి చేరవేసేది ఐదో కపాల నరం. ఇటొకటి, అటొకటి ఉంటాయి. ఒక్కోటీ మూడు కొమ్మలవుతుంది: నుదురూ కన్నూ ఒకదానివి, బుగ్గా పైదవడా ఇంకోదానివి, కింది దవడ మూడోదానిది. ఆ లాటిన్ పేరుకి ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురు అని అర్థమట. నాకు పెద్దది మంచిది, మిగతా ఇద్దరూ గయ్యాళులు.

ఆ నొప్పి పంటినొప్పిలా సలిపేది కాదు. కరెంటు షాకు. కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు, తర్వాత ఏమీ జరగనట్టు ఉంటుంది. దాన్ని పిలవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. బ్రష్ చేసుకోవడం, ఫ్యాన్ గాలి, ఆటోలో పక్క నుంచి కొట్టే గాలి, ఒక్కోసారి నవ్వు. మొదటి ఎనిమిది నెలలూ నేను పళ్ళ డాక్టరు చుట్టూనే తిరిగాను. ఒక రూట్ కెనాల్, తర్వాత అదే పన్ను పీకడం, తర్వాత దాని పక్కది. రెండో పన్ను కూడా పోయాక, పన్ను లేని చోట షాకు కొట్టింది. అప్పుడు ఆయనే కొంచెం ఇబ్బందిగా న్యూరాలజిస్టుని చూడమన్నారు. ఆసుపత్రి వరండాలో ఈ జబ్బున్న ఇంకొకావిడ కలిసింది. పేర్లు చెప్పుకోకముందే 'మీవి ఎన్ని పళ్ళు పోయాయి?' అని అడిగింది. రెండు అన్నాను. ఆవిడవి నాలుగు.

కార్బమజపైన్ మొదటి వారం అమృతంలా పనిచేసింది. మూర్ఛకి వాడే మందే ఇది కూడా. తర్వాత డోసు పెరుగుతూ పోయింది. దానితోపాటు నిద్ర, తూలడం. పద్యం చెబుతూ మూడో పాదం దగ్గర ఆగిపోయి, పిల్లలు అందిస్తే అందుకునేదాన్ని. ఒకసారి రక్తంలో సోడియం పడిపోయి రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను.

నేను ఇంటర్ పిల్లలకి తెలుగు చెబుతాను. నోరు నా పనిముట్టు. ఆ రోజుల్లో నాకు అన్నిటికంటే ప్రమాదకరమైనవి ప, ఫ, బ, భ, మ. పెదవికి పెదవి తగిలితే షాకు. పెదవులు కలవని అక్షరాలతో కావ్యం రాయడం మన పాత కవుల సరదాల్లో ఒకటి, నిరోష్ఠ్యం అంటారు. మరింగంటి సింగరాచార్యులు 'దశరథరాజనందన చరిత్ర' అని రామకథంతా అలాగే రాశాడు. రాముడి పేరులోనే 'మ' ఉంది కాబట్టి కథానాయకుడి పేరే ఎత్తకూడదు, దశరథరాజనందనుడు అనాల్సిందే. దీని గురించి క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతులో ఎప్పుడూ కాస్త వెక్కిరింపు ఉండేది, పనిలేని కసరత్తు అన్నట్టు. చివరికి ఆ కసరత్తు నేనే చేశాను. 'పుస్తకాలు తెరవండి' అనే బదులు 'తెరిచి చూడండి'. మంచినీళ్ళు బదులు నీళ్ళు. పాప అనకుండా చిట్టి. అక్కని పిలవచ్చు, అన్నని పిలవచ్చు, నాన్నని పిలవచ్చు. అమ్మని పిలవడమే కష్టం. ఫోనెత్తి 'అమ్మా' అనకుండా 'ఆఁ, ఎలా ఉంది అక్కడ?' అని మొదలుపెట్టేదాన్ని. నెల్లాళ్ళు చూసి అమ్మ అడిగింది, 'నా మీద ఏమన్నా కోపమా?' అని.

ఆపరేషన్ అంటే చెవి వెనక ఎముకలో చిన్న కిటికీ. నరం మెదడులోకి వెళ్ళే చోట చాలామందిలో ఒక రక్తనాళం దాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. ఆ రెంటి మధ్యా టెఫ్లాన్ ముక్క పెడతారు. అవును, దోసెల పెనానికి పూసే టెఫ్లానే. నరాన్ని కొయ్యరు కాబట్టి స్పర్శ చాలావరకు మిగులుతుంది. తెరిచి చూస్తే ఒరుసుకునే నాళమే లేకపోతే? అప్పుడు నరం వేరులో కొంత కోస్తారు. నొప్పి పోతుంది, దానితోపాటు స్పర్శ కూడా. ఈ సంగతి సర్జన్ ముందే చెప్పారు. 'అలా అయితే కొయ్యమంటారా, మూసేయమంటారా?' అని అడిగారు. కొయ్యమన్నాను, సంతకం పెట్టాను. ఆ పూట ముఖం మొత్తం కోసి పక్కన పెడతామన్నా సరే అనేదాన్ని.

మెలకువ వచ్చాక ఐసీయూలో నర్సు తడిగుడ్డతో నా మూతి తుడిచింది. గుడ్డ కనిపించింది, తగల్లేదు. నాళం దొరకలేదన్నమాట అనుకున్నాను.

నొప్పి లేదు. ఇవాళ్టి వరకు మళ్ళీ రాలేదు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి నుంచి చెప్పేవన్నీ ఫిర్యాదుల్లా వినిపిస్తాయి. మళ్ళీ అడిగినా కొయ్యమనే అంటాను. అయినా ఫిర్యాదులు ఫిర్యాదులే.

దీనికి సరైన తెలుగు మాట కోసం చాలా వెతికాను. తిమ్మిరి కాదు. తిమ్మిరెక్కితే చీమలు పాకినట్టుంటుంది, కాసేపట్లో దిగుతుందని ధైర్యం ఉంటుంది. మొద్దుబారడం అన్నది కొంచెం దగ్గరగా ఉంది. కానీ కథల్లో 'మనసు మొద్దుబారింది' అని రాసినప్పుడు ఇంక ఏమీ అనిపించడం లేదని అర్థం. నా బుగ్గ సంగతి అలా కాదు, అది రోజంతా ఉన్నట్టు అనిపిస్తూనే ఉంటుంది. పళ్ళ డాక్టరు ఇంజక్షన్ ఇచ్చాక పెదవి లావెక్కినట్టు ఉంటుంది చూడండి, అలా. అది కొన్ని గంటల్లో దిగుతుంది, ఇది దిగదు. అద్దంలో చూస్తే మామూలు బుగ్గే. మామూలు బుగ్గలు మనకి గుర్తే రావు, ఇది మాత్రం క్షణం మరవనివ్వదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు మూతి చూస్తారు. ముఖాన్ని కదిలించేది ఏడో నరం, దాని జోలికి ఎవరూ పోలేదు కాబట్టి నా నవ్వు తిన్నగానే ఉంది. పక్షవాతం లాంటిదేదో చూడబోతున్నానని సిద్ధపడి వచ్చిన మా మేనత్త పాపం నిరాశపడింది. 'బాగానే ఉన్నావు కదే, ఇంకా సెలవెందుకు?' అంది. ఆవిడకి నేను ఏం చూపించను? నా ముక్కుపుడక ఎడమవైపే. దాని శీల ఊడి ఎక్కడ పడిపోయిందో సాయంత్రం దాకా తెలియలేదని చెబితే, 'అందరికీ పోతాయిలే' అంది.

తినడం మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. పదో రోజున కాఫీ తాగి గ్లాసు దించాక చూస్తే కింది పెదవి మీద బొబ్బ. అప్పటి నుంచి ఏది తాగినా ముందు కుడివైపుకి చూపించి, అది ఒప్పుకున్నాకే తాగడం. నమలడం కుడివైపే. అయినా ముద్ద అటు జారిపోతుంది, జారినట్టు తెలీదు. బుగ్గకీ చిగురుకీ మధ్య దాక్కున్న పప్పు గంట తర్వాత బయటపడుతుంది. బుగ్గ లోపల కొరుక్కుంటాను. నోట్లో ఉప్పగా తగిలితే రక్తమని అర్థం. తాకుడు చెప్పని కబురు రుచి చెబుతోంది. ఎందుకంటే నాలుక ముందు భాగంలో రుచి తెలిసేది ఏడో నరం వల్లట, అది చెక్కుచెదరలేదు. ఈ తేడా నాకు డాక్టరు చెప్పకముందే ఉగాది పచ్చడి చెప్పింది.

పండక్కి అమ్మ వచ్చింది. మాది గుంటూరు వైపు, మా ఇంట్లో ఉగాది పచ్చడిలో మిరియాలు కాదు, పచ్చిమిరపకాయ ముక్కలే. పచ్చడి నోట్లో వేసుకున్నాక ఏదో వెలితిగా అనిపించింది. ఇంకో చెంచా తీసుకుని, నాలుక ఎడమ అంచున పెట్టి కాసేపు ఆగాను. బెల్లం తెలిసింది. చింతపండు తెలిసింది. ఉప్పు, వేపపువ్వు చేదు తెలిశాయి. మిరపకాయ లేదు. మామిడి పిందె వగరు కూడా లేదు. మింగేటప్పుడు గొంతులో మాత్రం కారం చురుక్కుమంది, అక్కడ మళ్ళీ వేరే నరం. అదే చెంచా కుడివైపు పెడితే ఆరుకి ఆరూ హాజరు.

మనం షడ్రుచులని లెక్కపెట్టుకుంటాం కానీ కారం రుచి కాదు, ఒకరకం నొప్పి. దాన్ని మోసుకెళ్ళేది కూడా ఐదో నరమే. వగరు కూడా చాలావరకు స్పర్శేనట. 2021లో వైద్యంలో నోబెల్ అందుకున్న ఇద్దరిలో డేవిడ్ జూలియస్ మిరపకాయలోని కాప్సైసిన్ సాయంతోనే, ఒంటికి వేడిని తెలియజేసే గ్రాహకాన్ని పట్టుకున్నాడు. మరిగే కాఫీ, మిరపకాయ ఒకే తలుపు తడతాయి. నాకు ఆ తలుపు వెనక తీగ తెగింది. ఇదంతా అమ్మకి వివరంగా చెప్పాను. అమ్మ చివరిదాకా విని, 'అయితే గొడ్డుకారం ఎడమవైపు వేసుకుని తిను, కళ్ళనీళ్ళు రావు' అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ సాయంత్రం పులుసులో కారం మామూలు కంటే ఎక్కువైంది. ఎవరమూ ఏమీ అనలేదు.

మా అమ్మాయికి ఇప్పుడు ఐదేళ్ళు. నొప్పి మొదలైనప్పుడు రెండు దాటాయి. ఒక రాత్రి నిద్రలో తన చెయ్యి నా ఎడమ బుగ్గ మీద పడితే నేను అరిచిన అరుపుకి లేచి గంటసేపు ఏడ్చింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. మంచం మీద ఎప్పుడూ నా కుడివైపే. ముద్దు కుడి బుగ్గకే. ఇంటికి ఎవరైనా వచ్చి నాకు దగ్గరగా కూర్చుంటే, 'అమ్మని అటు ముట్టుకోకూడదు' అని హెచ్చరించేది. ఆపరేషన్ అయి మూడు నెలలైనా అదే అలవాటు. నేనే ఒకరోజు పిలిచి, 'ఇప్పుడు ఇటు కూడా ముట్టుకోవచ్చు, నొప్పి పోయింది' అన్నాను. నమ్మలేదు. పెనం కాలిందో లేదో చూసేవాళ్ళలా వేలితో ఇలా తాకి అలా తీసేసింది. నేను అరవలేదు. మళ్ళీ తాకింది. తర్వాత ముద్దు పెట్టింది. 'తెలిసిందా?' అంది. తెలిసిందన్నాను.

ఆ అబద్ధం నాలుగు రోజులు నిలిచింది. చెకప్‌కి తనని కూడా తీసుకెళ్ళాం. డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమని, దూదితో తాకినప్పుడల్లా చెప్పమన్నారు. కుడివైపంతా ఆఁ, ఆఁ అంటూ వచ్చాను. ఎడమవైపు గదిలో చప్పుడు లేదు. కళ్ళు తెరిస్తే మా అమ్మాయి వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని నన్నే చూస్తోంది. దారంతా ఏమీ అనలేదు. రాత్రి పక్కలో చేరి, 'కళ్ళు మూసుకో' అంది. మూసుకున్నాను. 'ఇప్పుడు ముద్దు పెట్టానా, లేదా?' పెట్టావన్నాను. పెట్టలేదట. మళ్ళీ అడిగింది. లేదన్నాను. పెట్టిందట. కాసేపు ఆగి, 'మరి ఆ రోజు తెలిసిందని ఎందుకన్నావు?' అంది.

నా దగ్గర జవాబు లేదు. సంతకం పెట్టేటప్పుడు షాకులు, మందులు, క్లాసులు, పోయిన పళ్ళు అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఇది రాలేదు. మూడేళ్ళు నా కూతురు ముట్టుకుంటే భయపడ్డాను. భయం పోతే ఆ చెయ్యి తిరిగొస్తుందని ఊహించుకున్నాను కాబోలు. 'నువ్వు బాధపడతావని' అన్నాను. 'నేనేం బాధపడను' అంది కోపంగా, అటు తిరిగి పడుకుంది. రెండు రోజులు ఏ బుగ్గకీ ముద్దు లేదు. మూడో రోజు స్కూలుకి వెళ్తూ నా ఎడమ చెవి దాకా మోకాళ్ళ మీద ఎక్కి, వీధంతా వినిపించేలా చప్పుడు చేస్తూ ముద్దు పెట్టింది. 'ఇప్పుడు?' అంది. వినిపించిందన్నాను. అది నిజమే కాబట్టి ఒప్పుకుంది.

కొంత తిరిగి రావచ్చు, కోసింది మాత్రం అతుక్కోదు అంటున్నారు డాక్టరు. ఈమధ్య ముక్కు పక్కన అప్పుడప్పుడూ ఏదో పాకినట్టు ఉంటోంది. ఒకరోజు సంతోషిస్తాను, ఒకరోజు భయపడతాను. స్పర్శ లేని చోటే మంట మొదలవడం అని అరుదుగా ఇంకోటి ఉందట. అలా ఏమైనా అనిపిస్తే వెంటనే రమ్మన్నారు. రోజూ పొద్దున్నే బ్రష్ చేసుకున్నాక అక్కడ వేలితో నొక్కి చూసుకుంటాను.

కాలేజీకి వెళ్తున్నాను. ప, బ, మ ఇప్పుడు నొప్పి పెట్టవు. పెదవులు కలిశాయో లేదో మాత్రం నా గొంతు నేను విని తెలుసుకోవాలి. మొన్న మధ్యాహ్నం లంచ్ తర్వాత క్లాసులోకి వెళ్ళగానే ముందు బెంచీలో అమ్మాయి నా వైపు చూసి, తన గడ్డం మీద వేలు పెట్టుకుంది. నేను తుడుచుకున్నాను. కాదన్నట్టు తలూపి, వేలు కొంచెం పైకి జరిపింది. అక్కడ తుడిచాను. పెరుగన్నం. కర్చీఫ్ మడిచి బ్యాగులో పెట్టి, 'పుస్తకాలు తెరవండి' అన్నాను.