ముందు కర్ర, తర్వాతే మనిషి

1993లో గోదావరి ఒడ్డున ఒక భూగర్భ బొగ్గు గనిలో నేను ఫిల్లర్‌ని. బ్లాస్టింగ్‌లో పడ్డ బొగ్గును తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారతో, ఎత్తి టబ్బులు నింపే పని. ఆ రాత్రి షిఫ్టులో పొగ పోయాక, భద్రత చూసే సర్దార్ వచ్చి పైకప్పును కర్రతో తట్టి చూశాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిన రాయి డొల్లగా పలుకుతుంది. కుడి మూల డొల్ల పలికింది. టింబర్‌మెన్ వచ్చి కర్రలు నిలబెట్టేదాకా ఎవరూ ముందుకు పోవద్దని గట్టిగా చెప్పి ఆయన పక్క ఫేసు, అంటే బొగ్గు తీసే మరో చోటు, చూడటానికి వెళ్లాడు.

నేను పోయాను. కళ్లముందు బొగ్గు కుప్ప ఉంది, టబ్బుల లెక్కన కూలి. చివరి కర్ర దాటి నాలుగు అడుగులు వేశానంతే.

మెడ మీద దుమ్ము రాలింది. వెనక్కి తిరిగేలోపు పెద్ద బండ పడి నన్ను నడుము కిందికి నేలకు నొక్కేసింది. టోపీ లైటు ఆరలేదు. ఆ వెలుగులో నా వెనక పైకప్పు కనబడింది. కర్రలున్నంత మేర అది చెక్కుచెదరలేదు. కూలిన అంచు సరిగ్గా వాటి దగ్గరే ఆగిపోయింది.

నా జోడీ అరుపుకు మనుషులు పరుగున వచ్చారు. కానీ ఎవరూ నా దగ్గరికి రాలేదు. టింబర్‌మెన్‌లో పెద్దాయన, మేమంతా కాకా అని పిలిచేవాళ్లం, చేతులు చాపి అందరినీ ఆపాడు. "కదలకు బిడ్డా. ముందుగాల కర్ర పడాలె. అప్పుడు నీ దగ్గరికొస్తం" అన్నాడు. తిట్టాను, ఏడ్చాను, అమ్మను పిలిచాను. వాళ్లు ఎత్తు కొలిచి కర్ర కోస్తున్నారు.

ప్రాపు, అంటే పైకప్పుకు ఆసరా కర్ర, నిలబెట్టడం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. వదులు బొగ్గంతా ఊడ్చి గట్టి నేల తేలేదాకా గీశారు. మెత్తటి చోట నిలబెడితే బరువుకు కర్ర దిగిపోతుంది. పైన రాయికీ కర్రకీ నడుమ చెక్క పలక పెట్టారు, దాన్ని లిడ్ అంటాం. పక్కనుంచి చీల పెట్టి సమ్మెటతో బిగించారు. బిగువు లేని కర్ర ఉన్నా లేనట్టే. పైకప్పు కదలకముందే అది ఆనుకుని ఉండాలి. ఒకటి బిగిశాక దాని కింద నిలబడి రెండోది, రెండోదాని కింద నుంచి మూడోది. అలా అడుగడుగునా నా వైపు వచ్చారు.

ఐదోది బిగిస్తుండగా పైన మళ్లీ కదిలింది. మొదటి కర్ర కిర్రుమంది. లిడ్ నలిగి నారలు తేలింది. కాకా చెయ్యెత్తితే అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కర్రలు మోశాయి. అవి లేకుండా పరుగున వచ్చి ఉంటే నాతోపాటు మరో నలుగురు ఆ బండ కింద ఉండేవాళ్లు.

గంటన్నర తర్వాత జాకీతో బండ లేపి నన్ను లాగారు. తొడ ఎముక విరిగింది. ఏడు నెలలు మంచం మీదే.

మళ్లీ డ్యూటీలో చేరాక సపోర్టు గ్యాంగులో వేయమని అడిగి వేయించుకున్నాను. తర్వాత రూఫ్‌బోల్టులు వచ్చాయి. పైకప్పులో మీటరున్నర లోతు రంధ్రం వేసి, నీళ్లలో నానబెట్టిన సిమెంటు క్యాప్సూళ్లు తోసి, కడ్డీ దించి, ప్లేటు పెట్టి నట్టు బిగించేవాళ్లం. కర్ర కింద నుంచి మోస్తుంది. బోల్టు లోపలి పొరలను ఒక్క దూలంలా కలిపి కుడుతుంది, పైకప్పు తన బరువు తానే మోస్తుంది. దారికి అడ్డుండదు, యంత్రాలు తిరుగుతాయి. అది మేలే. కానీ కర్ర విరిగేముందు చెబుతుంది. బోల్టు అట్లా చెప్పదు. అందుకే పైకప్పు ఎంత దిగిందో చూపే టెల్‌టేల్ పెట్టి కొలత రాసుకోవాలి. 2017 బొగ్గు గనుల నిబంధనల్లో ఈ నిఘాకు ప్రత్యేకంగా ప్లాన్ ఉండాలని రాశారు. చూడకుండా పుస్తకంలో రాసిన కొలత మనిషిని చంపుతుంది.

నేను బండ కింద చిక్కుకున్న చోట కొత్త సపోర్టు పడ్డాక, ఆ రాత్రి నలిగిన లిడ్‌ను కాకా ఆస్పత్రికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. గనిలో చేరబోయే పిల్లలెవరు వచ్చినా ముందు అదే చూపిస్తాను. తమ్మీ, టబ్బు తక్కువైతే కానియ్, సపోర్టు పడని పైకప్పు కిందికి ఒక్క అడుగు కూడా వేయకు.