వేటకుక్క, కంచె అవతలి గొర్రెలు

న్యూజిలాండ్ పల్లెల్లో ఇల్లు తీసుకుని, ఇక కుక్కను పెంచుకుందామనుకునే మనవాళ్లకు నేను ముందుగా చట్టం సంగతి చెబుతాను. మన కుక్క అదుపు తప్పి పక్క రైతు గొర్రెల్లో తిరుగుతూ కనిపిస్తే, దాన్ని అక్కడికక్కడే చంపే హక్కు ఆ రైతుకు ఉంది. 1996 నాటి కుక్కల నియంత్రణ చట్టంలోని 60వ సెక్షన్ ఇచ్చిన హక్కది. కరిచేదాకా ఆయన ఆగక్కర్లేదు. జరిగిన నష్టం కూడా మనమే కట్టుకోవాలి. వినగానే చాలామందికి మొహం మాడిపోతుంది. గొర్రెలు ఈనే కాలాన్ని దగ్గర నుంచి చూశాను కాబట్టి నాకు మాత్రం ఆ చట్టంలో న్యాయమే కనిపిస్తుంది.

మేముండేది నార్త్ ఐలండ్‌లో, కింగ్ కంట్రీ కొండల్లో. మా ఆయన పాడి ఫారంలో పనిచేస్తారు. మా కంచె అవతల ఒక పెద్దాయన గొర్రెలు. 1982లో ఈ దేశంలో ఏడు కోట్ల గొర్రెలుండేవి, ఇప్పుడు రెండున్నర కోట్లు కూడా లేవు. ఇంకా గొర్రెలనే నమ్ముకుని ఉన్నవాళ్లకు ఒక్క రాత్రి నష్టమైనా చిన్నది కాదు.

మా చిట్టి జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్. మా ఆయన జింకల వేటకు వెళ్లినప్పుడు ముందు నడుస్తుంది. గాలిలో వాసన తగలగానే ఒక కాలు ఎత్తి, బిగుసుకుపోయి నిలబడుతుంది. ఆ నిలబడటం చూడటానికి ఎంత అందంగా ఉన్నా అది వేటలో ఒక మెట్టే. అమెరికాకు చెందిన రేమండ్ కోపింజర్ అనే జీవశాస్త్రవేత్త కుక్క వేటను ఒక వరసగా విడదీసి చూపించాడు: గమనించడం, కన్నేయడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. మనుషులు తరతరాలుగా ఎంచి పెంచడంలో ఒక్కో జాతిలో ఒక్కో మెట్టు బలపడింది, మిగతావి మందగించాయి. ఇక్కడ గొర్రెలను మళ్లించే హెడింగ్ డాగ్ చూపుతోనే పని జరుపుకుంటుంది. అడవిపందుల వేటకు పెంచినవాటిలో పట్టే గుణమూ ఉంటుంది. కాబట్టి “రైతు కుక్కలు మందలో తిరుగుతుంటే మాది తిరిగితే ఏం?” అన్న ప్రశ్నకు అర్థం లేదు. పైగా గొర్రె చేసే మొదటి పని పరుగెత్తడం. పరుగెత్తేదాన్ని చూస్తే ఏ వేటకుక్కకైనా ఒళ్లు ఆగదు.

పన్ను తగలకుండానే చావులు జరుగుతాయి. బెదిరిన మంద కంచె మూలకు తోసుకుపోయి, కిందపడ్డవి ఊపిరాడక పోతాయి. చూలు గొర్రెలు ఈసుకుపోతాయి. నిండు ఉన్నితో వెల్లకిలా పడ్డ గొర్రె తనంతట తాను లేవలేక, పొట్ట ఉబ్బి గంటల్లో చచ్చిపోతుంది. కుక్క ఇంటికొచ్చి తోక ఊపుతుంటే, దాని మూతికి నెత్తురు లేదని మనం ఏమీ జరగలేదనుకుంటాం.

చిట్టికి నేను మొదట నేర్పింది ఆగడం. పొడుగ్గా ఒక్క ఈల వినపడితే ఎక్కడున్నది అక్కడే కూర్చోవాలి. పరుగు మీదున్న కుక్కను వెనక్కి రప్పించడం కంటే ఉన్నచోట ఆపడం తేలిక. ఆ తర్వాత పది మీటర్ల తాడు కట్టి, మంద ఎక్కడో దూరంగా కనిపించే చోట నిలబడేదాన్ని. గొర్రెలను చూసి, తల తిప్పి నన్ను చూసిందా, ఒక మాంసం ముక్క. కళ్లు అటే అతుక్కుపోయాయంటే మరీ దగ్గరికి వచ్చామన్నమాట, వెనక్కి నడవాలి.

షాక్ కాలర్ సంగతి అందరూ అడుగుతారు. కివి పక్షులున్న చాలా అడవుల్లోకి వేటకుక్కను తీసుకెళ్లాలంటే, కివి జోలికి పోకుండా దానికి శిక్షణ ఉండాలని ఇక్కడి పరిరక్షణ శాఖ షరతు పెడుతుంది. ఆ శిక్షణలో వాడేది ఆ కాలరే. అనుభవజ్ఞుల చేతిలో దాని ప్రయోజనాన్ని కాదనను. ఇంట్లో మనం నొక్కడంలో ఒక్క క్షణం ఆలస్యమైతే మాత్రం కుక్క ఆ నొప్పిని గొర్రెతో కాక పక్కనున్న పిల్లాడితో ముడిపెట్టుకోవచ్చు. నేను వాడను.

మాది కొల్లేరు పక్క ఊరు. అక్కడి జోనంగి కుక్కలు వేటాడేవి, బాతుల మందలనూ కాసేవి. ఆ మాట చెప్పి, వేటకుక్క మందలో ఉండలేదని ఎవరన్నారని మా బాబాయి ఫోన్లో వాదిస్తాడు. ఉండగలదు బాబాయ్, బాతుల వాళ్ల కుక్కకు పొద్దున్నుంచి రాత్రిదాకా పక్కన మనిషి ఉంటాడు, చేతినిండా పని ఉంటుంది. చిట్టికి అలాంటి బతుకు నేనివ్వలేను. ఇవ్వలేనప్పుడు దొడ్డి గట్టిగా కట్టాలి.

కరవడం, తరమడం అందరికీ తెలిసినవే. పేగుల్లోంచి వచ్చే కీడు గురించి మనవాళ్లెవరూ మాట్లాడగా వినలేదు. గొర్రె, మేక పచ్చిమాంసం తిన్న కుక్క కడుపులో టీనియా ఓవిస్ అనే బద్దెపురుగు పెరగొచ్చు. దాని గుడ్లు మలంతో గడ్డి మీద పడతాయి, ఆ గడ్డి మేసిన గొర్రె కండల్లో తిత్తులు కడతాయి. మనిషికి హాని లేదు గానీ, కబేళాలో తనిఖీకి వచ్చేసరికి ఆ మాంసం పనికిరాదని పారేస్తారు. పక్క ఫారం మనిషి కష్టం మన కుక్క గిన్నెలోంచి పాడవుతుందన్నమాట. అందుకే మాంసాన్ని బాగా ఉడికించాలి, లేదా మైనస్ 10 డిగ్రీల్లో 10 రోజులు గడ్డకట్టించాకే పెట్టాలి. ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు నెలనెలా వేయాలి. మనుషుల కాలేయంలో తిత్తులు కట్టే హైడాటిడ్ పురుగు నుంచి 2002 నాటికి ఈ దేశం బయటపడగలిగిందంటే, దశాబ్దాలపాటు కుక్కలకు మందు వేయించి, తిండి మీద కట్టడి పెట్టడం వల్లే.

మా ఆయన ఆవుల దగ్గర భయం వేరు. కుక్క మలంతో నియోస్పోరా అనే పరాన్నజీవి మేతలో కలిస్తే చూడి ఆవులు ఈసుకుపోతాయి. ఈనిన ఆవు మాయ కుక్క నోట పడకుండా వెంటనే తీసి పాతిపెట్టాలి. చిట్టిని మేత కొట్టం వైపే రానివ్వం.

రాత్రిళ్లు చిట్టి కెన్నెల్లోనే ఉంటుంది, తాళం వేసి. అతిథులెవరైనా తమ కుక్కను తెస్తే ఆ జాగ్రత్త రెట్టింపు. ఒంటరిగా గొర్రెవైపు చూడని కుక్క కూడా ఇంకోటి తోడైతే మారిపోతుంది. చిట్టి ఇప్పుడు పెద్దదైంది, ఈలకు ఆగుతుంది, అయినా గొర్రెల ప్యాడక్ (కంచె వేసిన మేత పొలం) దాటేటప్పుడు దాని మెడకు తాడు ఉండాల్సిందే. “ఇన్నేళ్లు నేర్పి ఇంకా నమ్మకం లేదా?” అని అడుగుతారు. ప్రాణంగా చూసుకుంటాను కాబట్టే, తుపాకీ గురిలోకి పోయే అవకాశం దానికి ఇవ్వను.

కొత్తగా వచ్చిన కుటుంబం కుక్కను తెచ్చిన వారంలోనే ఇరుగుపొరుగు రైతుల దగ్గరికి వెళ్లి, దాని ఫోటో, మన ఫోన్ నంబరు ఇచ్చి రావాలి. చిట్టి వచ్చినప్పుడు మేం పెద్దాయనకు అవే ఇచ్చాం. ఆగస్టులో చూలు గొర్రెలను మా కంచె వైపు ప్యాడక్‌లోకి ఎప్పుడు తోలతారో ఆయన ముందే కబురు చేస్తారు. సెప్టెంబరు చివరిదాకా మేం కొండదారి మానేసి, చిట్టిని రోడ్డు వెంట నడిపిస్తాం.