నడిమి గది

"కిటికీ సంగతి తర్వాత సూడొచ్చు తల్లీ. ముందు ఆ ఓడకి నడుం ఎక్కడుందో అడుగు," అన్నాడు బాబాయి.

గాజువాకలో పిన్ని వాళ్ళ ముందుగదిలో చాప మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. లక్షద్వీప్ పర్యాటక శాఖ వాళ్ళ 'సముద్రం' యాత్ర మాది. కొచ్చిలో ఓడెక్కితే కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూపించి ఐదో రోజుకి మళ్ళీ కొచ్చిలో దింపుతారు. పగలంతా దీవి మీద తిరగడం, సాయంత్రానికి ఓడకి చేరుకోవడం, తెల్లారేసరికి ఇంకో దీవి ముందు ఉండటం. దీవుల్లో బస ఉండదు. కాబట్టి ఎంచుకోవలసింది ఓడలో గది ఒక్కటే. ఆ ఒక్కటీ తప్పితే నాలుగు రాత్రుల నిద్ర పోతుంది, దాంతో నాలుగు పగళ్ళూ పోతాయి.

మా ముందున్నవి రెండు తరగతులు. డైమండ్ అంటే ఇద్దరికో గది. గోల్డ్ అంటే నలుగురికో గది, కింద రెండు పడకలు, పైన రెండు. వెళ్ళేది అమ్మ, నేను, పిన్ని, బాబాయి. లెక్క సులువుగానే కనిపించింది నాకు: రెండు డైమండ్ గదులు, వీలైనంత పై అంతస్తులో, పెద్ద అద్దం ఉన్న వైపు. పడుకుని సముద్రం చూడొచ్చని నా ఆశ. ఫోన్లో మాట్లాడిన ఏజెంటు కూడా "పైకి వెళ్ళేకొద్దీ బాగుంటుంది మేడమ్, కొంచెం డబ్బు ఎక్కువ, అంతే" అన్నాడు. ఆ మాట నమ్మి డబ్బు కట్టేయబోతుండగా బాబాయి అడ్డుపడ్డాడు.

ఆయన మాట కొట్టేయడానికి వీల్లేదు. విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళకు పైగా వెల్డరుగా చేసి రిటైరయిన మనిషి. పైగా మేం ఎక్కబోయే ఎం.వి. కవరత్తి పుట్టింది అదే యార్డులో. 2008లో లక్షద్వీప్‌కి అప్పగించిన ఈ ఓడలో 700 మంది ప్రయాణం చేయొచ్చు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' ఓడ నీళ్ళలోకి జారిన యార్డు అది. మా వీధిలో ఇంటికొకరు అక్కడ పని చేసినవాళ్ళే. అన్ని ఓడలు కట్టినా బాబాయి ఒక్క ఓడలోనూ ప్రయాణం చేయలేదు. కట్టాక అవి వెళ్ళిపోయేవి. ఈ యాత్రకి ఆయన్ని ఒప్పించింది ఓడ పేరే.

"కావడి మోసేవోణ్ణి సూసేవా? బద్దకి రెండు కొసలా కుండలు ఊగుతుంటాయి. భుజం మీదున్న సోటు మాత్రం కదలదు. ఓడా అంతే. అల కొట్టినప్పుడు అణియం లేస్తాది, అమరం దిగుతాది. మళ్ళీ అది లేస్తాది, ఇది దిగుతాది. మజ్జెన ఉన్నోడికి ఆ ఎత్తుపల్లం తెలీదు."

"మరి ఎత్తు సంగతి?"

"తాటిచెట్టు మొవ్వ ఊగినట్టు మొదలు ఊగుతాదా?"

నేను చదివి తెలుసుకున్నది కూడా అదే, కానీ ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. ఓడకి ప్రధానంగా రెండు ఊపులు. ముక్కు లేచి పడే ఊపు ఒకటి, పక్కలకు ఒరిగే ఊపు ఇంకొకటి. మొదటిది రెండు కొసల్లోనూ ఎక్కువ. రెండోది ఎంత పైకి వెళ్తే అంత ఎక్కువ. కాబట్టి నడిమధ్యన, కింద అంతస్తులో ఉన్న గదే అన్నింటికన్నా కుదురుగా ఉంటుంది. మరీ వెనక్కి వెళ్తే ఇంజనూ ప్రొపెల్లరూ కలిసి గోడల్ని వణికిస్తాయి. మరీ ముందుకి వెళ్తే తెల్లారుజామున లంగరు వేసేటప్పుడు గొలుసు జారే చప్పుడు చెవులకి చిల్లులు పొడుస్తుంది. పైగా మా అమ్మకి అరకు ఘాట్ రోడ్డు మీద బస్సు మూడో మలుపు తిరిగేసరికే కడుపులో తిప్పుతుంది. మోకాళ్ళ నొప్పి సరేసరి. ఇవేవీ ఆలోచించకుండా నేను అద్దం కోసం వెతికాను. ఆవిడకి కావలసినవి నిద్ర, తక్కువ మెట్లు, రాత్రి లేస్తే పక్కన మనిషి.

గోల్డే తీసుకున్నాం. నలుగురం ఒక్క గదిలో.

తరగతి మన ఇష్టమే గాని గది నంబరు మన చేతుల్లో ఉండదు. కొచ్చిలో విల్లింగ్డన్ ఐలాండ్ దగ్గర ఓడెక్కాక చూస్తే మా గది ముక్కు వైపుంది. నడిమి వరసలో ఒక గది నలుగురు కుర్రాళ్ళకి వచ్చింది. పుణె నుంచి వచ్చిన విద్యార్థులు. బాబాయి తనకొచ్చిన హిందీలో వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాడు: ముందు గది ఎక్కువ ఊగుతుంది, పొద్దున గొలుసు చప్పుడొస్తుంది, అయినా మా వదినగారి కోసం అడుగుతున్నాను అని. "మేమెలాగూ డెక్కు మీదే ఉంటాం అంకుల్" అంటూ సంచులు భుజాన వేసుకుని బయల్దేరారు. ఓడ సిబ్బంది ఇద్దరి చీటీల మీదా నంబర్లు మార్చి రాశారు. అడగడానికి మొహమాటపడితే ఆ గది మాకు దొరికేది కాదు.

గది చిన్నది. నలుగురూ ఒకేసారి నిలబడితే ఎవరో ఒకరు మంచమెక్కాల్సిందే. పడకల అంచుకి జానెడు ఎత్తున అడ్డు, దొర్లి కింద పడకుండా. తలుపు వెనక, ఆపద వస్తే ఎక్కడికి చేరాలో చెప్పే పటం. పిన్ని ముందు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టింది. బాబాయి మాత్రం గోడలు తడిమి చూస్తున్నాడు. "లోపలంతా పలకలు కొట్టేసేరు. ఇనప్పని దాని ఎనకుండిపోయింది" అని, కాసేపటికి బయట డెక్కు మీదికి తీసుకెళ్ళాడు. గోడ రేకు, డెక్కు రేకు కలిసే మూల దగ్గర వంగి, రంగు కింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్న గీత మీద బొటనవేలు మెల్లగా జరిపాడు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి ఆ మడతలు. "నేనేసిందే అని సెప్పలేను. ఎన్ని సేతులు పడ్డాయో. ఏసినోడెవడో గాని సెయ్యి వణకలేదు" అన్నాడు. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది.

మొదటి రాత్రి ఓడ కొంచెం ఊగింది. అమ్మకి కింది పడక ఇచ్చి, రెండు పక్కలా దిళ్ళు పెట్టి, వెల్లకిలా పడుకోమన్నాం. పడుకునేముందు మాత్రం పావుగంట డెక్కు మీద నిలబెట్టాం. ఓడ ఊగుతోందని చెవి లోపలి భాగం చెప్తుంటే, గది గోడలు కదలడం లేదని కన్ను చెప్తుంది. ఆ రెండిటి పేచీయే వికారం. దూరాన నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతని చూస్తే కన్నూ చెవీ ఒక్క మాట మీదికి వస్తాయి. అమ్మ బుగ్గన శొంఠి ముక్క పెట్టుకుని ఆ చీకటి గీతనే చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికొచ్చి పడుకుంది. నాకే చాలాసేపు నిద్ర పట్టలేదు, ఆవిడ ఊపిరి వింటూ.

పొద్దున కవరత్తి. లక్షద్వీప్ రాజధాని కోళికోడ్ నుంచి ఇక్కడికి మారింది 1964లో. ఓడ ఒడ్డు దాకా పోదు. దీవి చుట్టూ పగడపు దిబ్బ కోటగోడలా ఉంటుంది కాబట్టి బయటే ఆగాలి. ఓడ పక్కనున్న తలుపు తీస్తారు. కింద చిన్న మరపడవ అలల మీద లేస్తూ దిగుతూ ఉంటుంది. అమ్మ ఆ తలుపులో నిలబడి ఒక్క క్షణం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పడవ మనిషి ఒకడు ఆవిడ ఎడమ రెక్క, ఓడ మనిషి ఒకడు కుడి రెక్క పట్టుకున్నారు. పడవ దిగింది. లేచింది. మళ్ళీ దిగింది. వాళ్ళు కదల్లేదు. మూడోసారి పడవ అంచు సరిగ్గా గడప ఎత్తుకి వచ్చినప్పుడు "ఇప్పుడు" అన్నట్టు తలూపారు. అమ్మ అడుగు వేసింది. పడవలో కూర్చున్నాక గాని ఆవిడ మొహంలోకి రంగు రాలేదు. రోజుకి రెండుసార్లు, మూడు రోజులు ఇలాగే. గది ఎంచుకునేటప్పుడు ఈ తలుపుని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఎవరూ చెప్పరు. పై అంతస్తులో ఉంటే ఆ నిటారు మెట్లన్నీ దిగి వచ్చి, మోకాళ్ళు వణుకుతుండగా ఈ అడుగు వేయాలి.

దిబ్బ దాటగానే నీళ్ళ రంగు మారిపోయింది. సిరా నీలం నుంచి లేత పెసర రంగుకి. అడుగున మా పడవ నీడ ఇసుక మీద పాకడం కనిపించింది. కవరత్తిలో ఉజ్రా మసీదు పైకప్పు చెక్కడం చూశాం. కొట్టుకొచ్చిన కొయ్యతో చేశారని అక్కడివాళ్ళు చెప్తారు. బాబాయికి మాత్రం మంచినీళ్ళ ప్లాంటు గురించే ఆరాటం. లోతు నుంచి గొట్టంతో చల్లటి నీళ్ళు తోడి, పైనున్న గోరువెచ్చని సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, ఆ చల్లదనంతోనే మళ్ళీ నీరు చేస్తారు. 2005 నుంచి, రోజుకి లక్ష లీటర్ల లెక్కన. నది లేని నేల అది. దాహం తీర్చే ఆ పని ముందు బీచి ఫొటోలు నాకూ చిన్నవైపోయాయి.

కల్పేనిలో తూర్పు ఒడ్డంతా పగడపు ముక్కల గుట్ట. 1847 తుఫాను తెచ్చి పోసిందట. చెప్పుల కింద గాజుల్లా చప్పుడు చేసే ఆ తెల్లటి రాళ్ళ మీద నడుస్తుంటే తుఫాన్ల ఊళ్ళ నుంచి వచ్చిన మా నలుగురికీ మాట రాలేదు. పిన్ని ఒక రాయి తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది.

ఆ రాత్రి ఓడ దక్షిణానికి మళ్ళి, తొమ్మిది డిగ్రీల ఛానల్ దాటింది. మినికాయ్‌ని మిగతా లక్షద్వీప్ నుంచి వేరు చేసే లోతైన నీళ్ళవి. అక్కడే నిజమైన ఊపు తెలిసింది. మా గదిలో నీళ్ళ సీసా కొక్కేనికి వేలాడుతూ మెల్లగా అటూ ఇటూ తిరిగింది. అంతే. రాత్రి నేను ముందువైపు నడిచి వెళ్ళి చూస్తే, పుణె కుర్రాళ్ళలో ఇద్దరు డెక్కు మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఇంకొకడు రెయిలింగు పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. నా మనసు చివుక్కుమంది. అమ్మ శొంఠి డబ్బా తెచ్చి ఇచ్చాను. దూరం చూడమని చెప్పాను. తెల్లారాక బాబాయి వాళ్ళని మా గదికి పిలిచి, ఉన్న పడకల మీద రెండు గంటలు పడుకోబెట్టాడు.

మినికాయ్‌లో భాషే వేరు. మిగతా దీవుల్లో మలయాళం యాస, ఇక్కడ మహల్. కుడి నుంచి ఎడమకి రాస్తారు. 1885లో కట్టిన తెల్లటి దీపస్తంభం, కొబ్బరి చెట్ల మీదుగా ఎటు చూసినా కనిపిస్తుంది. పదకొండు ఊళ్ళు, ఊరికో ఉమ్మడి ఇల్లు. ట్యూనా చేపని, మా వైపు సూర అంటాం, ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి కర్రముక్కలా చేసి మాస్ అంటారు. పిన్ని వాసన చూసి "మన ఎండుసేపే" అంది, అంత తొందరగా ఏ ఊరినీ ఆవిడ తనది చేసుకోలేదు.

ఈ దీవి మగవాళ్ళు చాలామంది దేశదేశాల సరుకు ఓడల్లో పనిచేసినవాళ్ళు. ఒడ్డున పడవల పాక కింద అలాంటి ఒక పెద్దాయన బాబాయికి తగిలాడు. ఇద్దరిదీ విరిగిన హిందీయే. ఏ ఓడలో వచ్చారని ఆయన అడిగాడు. బాబాయి దిబ్బ అవతల నిలబడ్డ ఓడని చూపించి, చేత్తో వెల్డింగు చేస్తున్నట్టు సైగ చేశాడు. పెద్దాయన కాసేపు ఆ చేతినే చూసి, లోపలికి కేకేసి టీ తెప్పించాడు. రోగమొస్తే, కాన్పు కష్టమైతే, పిల్లలు చదువుకి వెళ్ళాలంటే వాళ్ళు ఓడల మీదే కొచ్చికి పోతారు. "నా మనవరాలు మొదటిసారి సముద్రం దాటింది ఈ ఓడలోనే" అన్నాడు. తర్వాత అడిగాడు, గది ఎక్కడిచ్చారని.

"మజ్జెన" అని, బాబాయి అరచెయ్యి నిలువుగా పెట్టి నడుం దగ్గర చూపించాడు.

పెద్దాయన తలూపాడు. "అక్కడే పడుకోవాలి" అన్నాడు.

అంతకన్నా వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. తిరుగు పడవ వచ్చే దాకా ఇద్దరూ ఓడ వైపు చూస్తూ పక్కపక్కనే కూర్చున్నారు.

చివరి రాత్రి మినికాయ్ నుంచి కొచ్చికి దాదాపు 400 కిలోమీటర్లు. గాలి పెరిగింది. నాకు రెండుసార్లు మెలకువ వచ్చింది. రెండోసారి చూస్తే బాబాయి పై పడకలో లేడు. తలుపు బయట సన్నటి నడవాలో నేల మీద కూర్చుని, వీపు గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంజను చప్పుడు ఆ గోడలోంచి నా అరికాళ్ళకీ తెలుస్తోంది. పిలవబుద్ధి కాలేదు. వెనక్కి వచ్చి పడుకున్నాను.

తెల్లారి ఓడ రేవు మొగలోకి వచ్చేసరికి ఎడమవైపు వైపిన్ ఒడ్డు, కుడివైపు ఫోర్ట్ కొచ్చి. చీనా వలలు కర్రల మీద చాచుకుని ఉన్నాయి. బాబాయి రెండు గ్లాసుల టీతో గదిలోకొచ్చాడు. అమ్మ అప్పుడే కళ్ళు తెరిచి, చీర చెంగు సర్దుకుంటూ లేచి కూర్చుంది.

"ఓడ ఇంకా బయల్దేరలేదేటి?" అంది.

బాబాయి ఏమీ అనకుండా ఆవిడ చేతికి టీ గ్లాసు అందించి, పోర్టుహోల్ మీది తెర పక్కకి లాగాడు.