గండికోట ఎండకు కెమెరా కళ్లజోడు

పేరులోనే ఉంది ఊరి గుట్టంతా. గండి అంటే కొండను చీల్చిన లోయ. ఆ లోయ అంచున కట్టారు కాబట్టి గండికోట. కడప జిల్లాలో జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు వెళితే చాలు... ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయిన పెన్నానది కనిపిస్తుంది. దాదాపు 300 అడుగుల లోతు. ఇటుకలు పేర్చినట్టుగా ఒకదానిమీద ఒకటి ఎర్రటి బండలు. ఎవరు పేర్చారూ అంటే ఎవరూ కాదు! కోట్ల ఏళ్లనాటి క్వార్ట్‌జైట్ శిల అది. ఈ ఊరి పేరుతోనే దాన్ని ‘గండికోట క్వార్ట్‌జైట్’ అని పిలుస్తారు భూగర్భ శాస్త్రవేత్తలు.

ఒకప్పుడు ఇక్కడికి సైన్యాలు వచ్చేవి. ఇప్పుడు కెమెరాలు వస్తున్నాయి. పెళ్లికి ముందు పాట తీయించుకునే జంటలు, లఘుచిత్రాలు తీసే కుర్రాళ్లు, పెద్ద సినిమాల యూనిట్లు... అందరికీ ఈ లోయ కావాలి. వాళ్ల బ్యాగుల్లో కొన్నేళ్లుగా ఓ చిన్న వస్తువు కనిపిస్తోంది. చూడ్డానికి అరచేతిలో ఇమిడే లోహపు గొట్టం. దాని పక్కన ఓ గాడి, ఆ గాడిలో జారే గాజు పలక. అదే ఫిల్టరున్న లెన్సు అడాప్టరు. గండికోట ఎండను అర్థం చేసుకోవాలంటే ఆ గొట్టం కథ తెలుసుకోవాలి. ఆ గొట్టం విలువ తెలియాలంటే గండికోటకే రావాలి!

ఎండా నీడా పక్కపక్కనే

1123లో కాకరాజు ఇక్కడ కోట కట్టించాడని కైఫీయతు చెబుతుంది. తర్వాత విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేజిక్కించుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో ఆయన్ను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. అప్పటి ఆనవాళ్లు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ఎత్తయిన గాలిగోపురంతో మాధవరాయస్వామి గుడి, లోయకు దగ్గరలో రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం, పావురాల గూడులా ఉండే బురుజు, రాయల చెరువు.

కెమెరా పట్టుకున్నవాళ్లకు ఇక్కడే చిక్కొచ్చిపడుతుంది. ధాన్యాగారంలోకి అడుగుపెడితే కళ్లు చీకటికి అలవాటు పడటానికే కాసేపు పడుతుంది. పది అడుగులు బయటికేస్తే నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. మసీదు వరండాలో నీడ, నడిమి వాకిట్లో ధగధగ. గోపురం కింద మసక చీకటి, ఆవల తెల్లటి ఆకాశం. మన కంట్లో కనుపాప దానంతటదే సర్దుకుంటుంది. మరి కెమెరాకు?

లెక్క చూద్దాం

స్టిల్ ఫొటో తీసేవాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. ఎండ ఎక్కువైతే షట్టరు వేగం పెంచేస్తారు. వీడియోకు ఆ వీలుండదు. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కో ఫ్రేముకూ సెకనులో యాభయ్యో వంతు కాంతి తగలాలన్నది సినిమావాళ్ల పద్ధతి. అప్పుడే కదలిక మన కంటికి సహజంగా కనిపిస్తుంది. వేగం పెంచితే గాలికి ఎగిరే చీరకొంగు, పారే నీరు అన్నీ ముక్కలు ముక్కలుగా ఎగిరెగిరి పడుతున్నట్టుంటాయి.

పాత ఫొటోగ్రాఫర్లకో లెక్క ఉండేది. మంచి ఎండలో ఐఎస్ఓ 100 ఫిల్ముకు సెకనులో వందో వంతు, ఎఫ్ 16 పెడితే సరిపోతుందని. నేటి డిజిటల్ సినిమా కెమెరాల్లో చాలావాటి సహజ ఐఎస్ఓ 800 దగ్గర ఉంటుంది. అదే లెక్కన యాభయ్యో వంతు సెకనుకు ఎఫ్ 64 పెట్టాలి. అంత చిన్న రంధ్రం సినిమా లెన్సుల్లో ఉండదు. ఎఫ్ 22కి కుదించినా బొమ్మ పదును తగ్గుతుంది, సెన్సారు మీది దుమ్ము చుక్కలన్నీ ఆకాశంలో తేలతాయి. పెళ్లికూతురి ముఖం ఒక్కటే స్పష్టంగా ఉండి వెనక లోయ మెత్తగా కరిగిపోవాలంటే ఎఫ్ 4 అయినా కావాలి. ఎఫ్ 64 నుంచి ఎఫ్ 4 వరకూ ఎనిమిది మెట్లు. ఒక్కో మెట్టుకూ కాంతి సగమవుతుంది. అంటే గండికోట మధ్యాహ్నపు ఎండలో 256 పాళ్లకు ఒక్క పాలు మాత్రమే లోపలికి వదలాలి!

ఆ పని చేసేదే ఎన్‌డీ ఫిల్టరు. కెమెరాకు నల్ల కళ్లజోడన్నమాట. రంగు మార్చకుండా వెలుగు మాత్రమే తగ్గించడం దాని ధర్మం. పెద్ద సినిమాల్లో లెన్సు ముందు మ్యాట్ బాక్సు బిగించి, అందులో చదరపు గాజు పలకలు దోపుతారు. అందుకో సహాయకుడు, పలకలకో పెట్టె ఉంటాయి. ఇద్దరో ముగ్గురో కలిసి తీసే చిన్న యూనిట్లకు అంత హంగు ఎక్కడిది? లెన్సు మూతికి మరలా తిప్పి బిగించే గుండ్రటి ఫిల్టరే దిక్కు. లెన్సు మారిస్తే అది విప్పాలి, మళ్లీ బిగించాలి. ఒక్కో లెన్సుదీ ఒక్కో కొలత. లోయ మొత్తాన్నీ చూపించే బాగా వెడల్పాటి లెన్సులకైతే ముందు గాజు బుడగలా ఉబ్బి ఉంటుంది. మర బిగించడానికి చోటే ఉండదు.

ఖాళీ చోటే అసలు గుట్టు

సినిమా లెన్సుల్లో చాలావాటికి ఉండేది పీఎల్ మౌంటు. జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన ఆరి కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది. లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము వరకూ సరిగ్గా 52 మిల్లీమీటర్ల దూరం ఉండాలని దాని నియమం. ఇప్పటి అద్దంలేని చిన్న డిజిటల్ కెమెరాల్లో ఆ దూరం బాగా తక్కువ. సోనీ ఈ మౌంటులో 18 మిల్లీమీటర్లు, కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంటులో 20. పీఎల్ లెన్సును సోనీకి తగిలించాలంటే 34 మిల్లీమీటర్ల గొట్టం మధ్యలో రావాల్సిందే. ఆ గొట్టంలో ఉండేది ఉత్త గాలి. ఆ ఖాళీలోనే ఫిల్టరు పెడితే? ఆ ఆలోచనే ఈ అడాప్టరు.

కెనాన్ 2018లో ఈఓఎస్ ఆర్ కెమెరాతోపాటు ఇలాంటిదే ఒకటి తెచ్చింది. దాని పాత ఈఎఫ్ మౌంటు దూరం 44 మిల్లీమీటర్లు, కొత్తది 20. మిగిలిన 24 మిల్లీమీటర్లలో జారుడు ఫిల్టరుకు చోటు చేశారు. పక్కనున్న చిన్న చక్రం తిప్పితే చాలు... ఒకటిన్నర మెట్ల నుంచి తొమ్మిది మెట్ల వరకూ వెలుగు తగ్గుతుంది. గండికోటకు కావాల్సిన ఎనిమిది మెట్లు అందులో ఇమిడిపోయాయి! పీఎల్ లెన్సులకూ ఇదే తరహా అడాప్టర్లు వచ్చాయి. లాభం ఏమిటంటే ఫిల్టరు లెన్సు వెనక ఉంటుంది కాబట్టి ఎన్ని లెన్సులు మార్చినా అదొక్కటే చాలు. ఉబ్బు గాజు లెన్సుకూ బెంగలేదు.

తిప్పితే నల్లబడే ఆ గాజులో ఇంద్రజాలం ఏమీ లేదు. రెండు పోలరైజర్ పలకలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. రెండూ ఒకే దిశలో ఉంటే వెలుగు వస్తుంది. ఒకదాన్ని తిప్పేకొద్దీ దారి మూసుకుంటుంది.

ఎదుటి కొండ చెప్పే నిజం

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ధాన్యాగారంలోకి వెళ్లగానే చీకటిగా ఉందని ఫిల్టరు లాగేస్తారు. నిజమే, చక్రాన్ని పూర్తిగా వెనక్కి తిప్పినా ఒకటిన్నర మెట్ల వెలుగు పోతూనే ఉంటుంది. తీసేయాలనిపించడం సహజం. లోపల దగ్గరి స్తంభాలు బాగానే వస్తాయి. అలాగే బయటికొచ్చి లోయ తీస్తే ఎదుటి కొండ మసక!

కారణం చిన్న భౌతికశాస్త్రం. లెన్సు వెనక గాజు పెడితే, దాని మందంలో సుమారు మూడో వంతు మేర ఫోకస్ వెనక్కి జరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల గాజుకు మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. సినిమా లెన్సుల అమరికలో మిల్లీమీటరులో వందో వంతు తేడాను కూడా పట్టించుకుంటారు. ఆ గాజును లెక్కలో వేసుకునే అడాప్టరు పొడవు నిర్ణయిస్తారు. గాజు తీసేస్తే గొట్టం పొడవు ఎక్కువైనట్టే. దగ్గరివి ఫోకస్ అవుతాయి, దూరానివి ఎప్పటికీ కావు. అందుకే ఫిల్టరు తీసినచోట మామూలు గాజు పలక పెట్టాలి. గాడిని ఖాళీగా వదిలితే వెలుగూ దుమ్మూ లోపలికి దూరతాయి కూడా. గండికోట గాలికి దుమ్ము కొదవా?

కాబట్టి అద్దెకు తెచ్చుకున్న అడాప్టరు మంచిదో కాదో తేల్చే పరీక్ష ఇక్కడ ఉచితం. వెడల్పాటి లెన్సు పెట్టి, దూరపు గుర్తు దగ్గర ఆపి, ఆవలి కొండ బండల సందులు చూస్తే చాలు. గీతలు స్పష్టంగా కనిపిస్తే సరే. లేదంటే షూటింగు మొదలుపెట్టకముందే తెలిసిపోయినట్టు. ఇంటికెళ్లి పెద్ద తెరమీద చూసుకుని తలపట్టుకోనక్కర్లేదు.

ఎర్రరాయి రంగు

గండికోటకు అందం ఆ రాతి ఎరుపే. పొద్దున్నే నారింజలా మొదలై, మధ్యాహ్నానికి వెలిసిపోయి, సాయంత్రానికి మళ్లీ కుంకుమలా మారుతుంది. నాసిరకం ఫిల్టరు దెబ్బతీసేది దాన్నే. కొన్ని గాజులు కంటికి కనిపించే వెలుగును ఆపుతాయి కానీ పరారుణ కిరణాలను వదిలేస్తాయి. సెన్సారు వాటిని పట్టుకుంటుంది. ఫలితం... నల్ల కోటు గోధుమ రంగుకు తిరుగుతుంది. రాయి ఎరుపేదో, ఫిల్టరు పూసిన ఎరుపేదో తెలియదు. మరికొన్ని, పూర్తిగా నల్లబడే చివరి మెట్ల దగ్గర పసుపు పులుముతాయి. వెడల్పాటి లెన్సుతో ఆకాశం తీస్తే ఒక మూల ముదురుగా, ఒక మూల లేతగా వస్తుంది. నీటిమీది మెరుపు కూడా తగ్గిపోవచ్చు. అది కొన్నిసార్లు అందమే, పెన్నమ్మ తళుకు కావాలనుకున్నప్పుడు మాత్రం నష్టమే.

మందు తేలికే. చక్రం తిప్పిన ప్రతిసారీ తెల్ల అట్టను ఎదురుగా పెట్టి రంగు సరిచేసుకోవాలి. చివరి మెట్టు దాకా తిప్పకుండా ఒకటి రెండు మెట్ల ముందే ఆగాలి. తెరమీద చూసిన రంగును నమ్మి జనం ఇంతదూరం వస్తారు. ఉన్న ఎరుపును ఉన్నట్టు చూపించడం ఆ ఊరికి చేసే మర్యాద.

అంచుమీద చేతులు

అన్నింటికన్నా పెద్ద సంగతి మరొకటుంది. రంగనాథస్వామి గుడి దాటి ముందుకెళితే వచ్చేవి విడివిడి బండలు, వాటి మధ్య నెర్రెలు. ఆపైన లోయే. బండల చివర అడ్డుకట్టలేమీ లేవు. మంచి దృశ్యమంతా ఆ చివరి బండమీది నుంచే కనిపిస్తుంది. సూర్యోదయానికి ఉండేది కొద్ది నిమిషాలు. వెలుగు క్షణక్షణానికీ పెరుగుతుంటుంది. అప్పుడు రెండు చేతులతో ఫిల్టరు విప్పుతూ, తల వంచి, అడుగు వెనక్కేస్తూ... ఊహించుకుంటేనే గుండె గుభేలుమంటుంది. అడాప్టరు చక్రం ఒక్క వేలితో తిరుగుతుంది. కళ్లు దారిమీదే ఉంటాయి. రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది. అయితే అదేమీ రక్షాకవచం కాదు. బరువైన సినిమా లెన్సును కెమెరా మూతికి వేలాడదీస్తే మౌంటు వంగుతుంది. కింద కడ్డీలతో ఆసరా ఇవ్వాలి. దాన్నంతా ఎత్తుకుని అంచుకు వెళ్లకూడదు. పదడుగులు వెనక స్టాండు వేసుకుంటే లోయ ఎక్కడికీ పారిపోదు!

ఎలా వెళ్లాలి?

* కడప నుంచి జమ్మలమడుగు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. నంద్యాల - ఎర్రగుంట్ల రైలు మార్గంలో జమ్మలమడుగు స్టేషను ఉంది. చెన్నై - ముంబయి మార్గంలో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగొచ్చు.

* బస చేయడానికి పర్యాటక శాఖవారి హరిత హోటల్ ఉంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకూ వాతావరణం హాయిగా ఉంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

* కోటలోనివి రక్షిత కట్టడాలు. స్టాండు వేసి చిత్రీకరించాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

* ఇంకో రోజు చేతిలో ఉంటే 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు చూసి రావచ్చు. అక్కడ నల్ల కళ్లజోడుతో పనిలేదు. మామూలు గాజు పలక మాత్రం మరిచిపోవద్దు!