తిరిగొచ్చే దారి

మదనపల్లెలో హైస్కూలు చదివేటప్పుడు విద్యుత్ వలయం బొమ్మ నాకు కంఠతా వచ్చు. సెల్లు, స్విచ్చి, బల్బు స్కేలు పెట్టి గీసేవాణ్ని. మార్కులు పడేవి. బల్బు వెలిగించి చూసింది మాత్రం లేదు.

ఆ ఏడాదే పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు వెళ్లాం. సీరియల్ సెట్టులోంచి సరదాగా ఓ చిన్న బల్బు పీకాను. వరస మొత్తం ఆరిపోయింది! ఒకటే పరుగు. బల్బులన్నీ ఒకే దారిలో ఉంటే, ఒక్కచోట తెగినా కరెంటు ఆగిపోతుంది. ఇంట్లో ఒక్కో బల్బుకూ వేరే దారి కాబట్టి వంటింట్లోది మాడినా వసారాలోది వెలుగుతుంది. ఇదంతా నేను చదివిన పాఠమే. కానీ ఆ క్షణాన తట్టలేదు.

తట్టకపోతే ఏమవుతుందో వానాకాలంలో తెలిసింది. నాయన తడికాళ్లతో బోరు మోటారు స్టార్టరు ముట్టుకున్నాడు. చిన్నాయన ఎండుకర్రతో కొట్టి విడిపించబట్టి బతికాడు. మూడు వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. "ఒక్క తీగే కదరా తగిలింది, ఎట్ల కొట్టింది?" అని అడిగేవాడు. సైన్సులో ఫస్టు వచ్చిన నా దగ్గర జవాబు లేదు.

చాన్నాళ్లకు మనవరాలితో కుప్పం దగ్గరున్న అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణానికి వెళ్లాను. 1999లో మొదలైన ఆ సంస్థ పిల్లలతో ప్రయోగాలు చేయిస్తుంది. బయటికొచ్చాక మనవరాలు నాకో పరీక్ష పెట్టింది. ఒక టార్చి సెల్లు, ఒక ఫిలమెంటు బల్బు, ఒకే తీగముక్క. వెలిగించాలి. ఎంత తిప్పినా నావల్ల కాలేదు. తను బల్బు అడుగును సెల్లు నెత్తిన పెట్టింది. తీగ ఒక కొస సెల్లు అడుగుకు, రెండోది బల్బు పక్కనున్న లోహానికి తాకించింది. వెలిగింది!

"కరెంటు పోతే చాలదు తాతా, తిరిగొచ్చే దారీ ఉండాలి" అంది.

నాయన ప్రశ్నకు జవాబు అదే. కరెంటు వచ్చే ట్రాన్స్‌ఫార్మరుకు భూమితో సంబంధం ఉంటుంది. ఆ రోజు కరెంటు నాయన చేతిలోంచి, తడికాళ్లలోంచి, నేల మీదుగా తిరిగి అక్కడికే వెళ్లింది. రెండో తీగ మా చేని బురదే. ఆ మాట చెప్పడానికి నాయన లేడు.

ఈ ఆదివారం మీ పిల్లల చేతికి ఆ మూడు వస్తువులూ ఇవ్వండి. తీగ రెండు కొసలూ నేరుగా సెల్లుకే కలిపితే వేడెక్కుతుంది, అంతవరకు చూసుకోండి. సెల్లులో ఉండేది 1.5 వోల్టులే. గోడ ప్లగ్గులో ఉండేది 230. దాని జోలికి పోకూడదని చెప్పడమే కాదు, ఎందుకో కూడా అప్పుడే చెప్పండి.