ఏడిళ్ల పిల్లి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు తెలుగువాళ్లు. మేమూ తెలుగువాళ్లమే. మా నానీమా కూడా ఈ మాటే అనేది, సగం ఉర్దూలో, సగం పక్కింటివాళ్ల తెలుగులో. మేమిద్దరం బడిపంతుళ్లం. 18 ఏళ్ల ఉద్యోగంలో తొమ్మిదిళ్లు మారాం. పిల్లి ఎందుకు తిరుగుతుందో అందరికీ తెలుసు. మేం ఎందుకు తిరుగుతున్నామో మాత్రం ఎవరూ అడగరు.

ఈసారి ఒంటిపూట బడులు పెట్టిన రోజుల్లో ఒక బూడిదరంగు పిల్లి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అటకమీద అర్ధ సంవత్సర పరీక్షల జవాబు పత్రాలు కట్టలు కట్టి పెట్టిన అట్టపెట్టె ఉంది. ఏప్రిల్ మొదట్లో అందులో నాలుగు పిల్లల్ని పెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలు రాసిన సంధులూ సమాసాలూ వాటికి పరుపయ్యాయి. వారం పది రోజులకు కళ్లు తెరిచాయి. మేం పొద్దున ఏడు గంటల బస్సుకు ఉరకాలి. పదో తరగతి పేపర్లు దిద్దడానికి స్పాట్ వాల్యుయేషన్‌కు పోవాలి. ఆ హడావుడిలోనూ తల్లిపిల్లికి గిన్నెలో పాలు పోయడం మా చిన్నమ్మాయి మరిచిపోలేదు.

మా ఇళ్లల్లో పిల్లికి మన్నన ఉంది. ప్రవక్త సహచరుల్లో అందరికంటే ఎక్కువ హదీసులు చెప్పినాయన్ని అబూ హురైరా అనే పిలుస్తాం. పిల్లికూన తండ్రి అని ఆ మాటకు అర్థం. పిల్లి మూతిపెట్టిన నీళ్లతో వుజూ చేసుకోవచ్చు. పిల్లిని కట్టేసి తిండి పెట్టకుండా చంపిన ఆడమనిషి నరకానికి పోయిందని చిన్నప్పుడు అమ్మీ చెప్తే, భయంతో మా బువ్వలో సగం పిల్లికే పెట్టేవాళ్లం. మాతో బస్టాండు దాకా వచ్చే సారుకు మాత్రం పిల్లి ఎదురొస్తే అపశకునం. బండి ఆపి ఒక నిమిషం నిలబడతాడు. మేం నవ్వుతాం. ఆయనా నవ్వుతాడు. ఎవరి నమ్మకం వాళ్లది. దీనితో మాకే పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, మా ఇంట్లో పిల్లలు పెట్టిన నాటినుంచి ఆ పిల్లి పేరు మారిపోయింది. అంతకుముందు అది ఎదురింటి గోడమీద పడుకునేది. అప్పుడు అందరికీ ఒట్టి పిల్లే. మా అట్టపెట్టెలోకి వచ్చాక 'తురకపిల్లి' అయింది. "మీ తురకపిల్లి మా పాలన్నీ తాగిపోయింది" అని ఎదురింటి అవ్వ కేకేసింది. ఆమెది చెడ్డ మనసేం కాదు. మా పిల్లలకు జ్వరమొస్తే మిరియాల కషాయం కాచి తెచ్చే మనిషే. కానీ మాట నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి. కలిమా చదవలేదు, నమాజు చేయలేదు, పిల్లి ముస్లిమైపోయింది!

మాకు జరిగేదీ ఇదే. మేం బడిలో చెప్పేది తెలుగు. కొత్త బడికి వెళ్లినప్పుడల్లా "మీరు తెలుగు భలే మాట్లాడతారే" అంటారు. మెచ్చుకోలనుకునే అంటారు. మరి ఇంకేం మాట్లాడతాం? తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది గోల్కొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షానే. 16వ శతాబ్దంలో పొన్నిగంటి తెలగన్న సంస్కృతం కలవకుండా అచ్చతెనుగులో యయాతి చరిత్ర రాసి, అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. మొదటి అచ్చతెనుగు కావ్యం అందుకున్నవాడు ఒక ఖాన్. పిఠాపురం ఉమర్ ఆలీషా తెలుగులో పద్యాలూ నాటకాలూ రాశాడు. ఇవన్నీ తెలిసిన తెలుగు పండితులే మా నోట తెలుగు వింటే ఆశ్చర్యపోతారు.

మా అబ్బా కూడా బడిపంతులే. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చేశాక, ఏళ్ల తరబడి కలిసి టీ తాగిన స్టాఫ్‌రూంలో ఆయన అడుగుపెడితే మాటలు ఆగిపోయేవట. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. మాటలు ఆగాయి, అంతే. రిటైరయ్యే దాకా ఆ నిశ్శబ్దం గురించే చెప్పేవాడు.

సెలవులివ్వగానే పిల్లల్ని తీసుకుని మూడు చోట్లకు వెళ్లాం. మొదట జాన్‌పహాడ్ దర్గా. సైదులు దగ్గర కందూరు చేసేవాళ్లలో హిందువులూ ఉంటారు, ముస్లింలూ ఉంటారు. పక్కపక్కనే పొయ్యిలు పెట్టుకుని వండుకుంటారు. నల్గొండ వైపు ఏ బడి రిజిస్టరు తిరగేసినా సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి కనిపిస్తారు. తర్వాత వాడపల్లి. హైదరాబాదు మురికంతా మోసుకొచ్చిన మూసీ అక్కడే కృష్ణలో కలుస్తుంది. పిల్లలు గట్టుమీద కూచుని కలిసేచోట నీళ్ల రంగు చూశారు.

చివరికి నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యాం. లాంచీలో నాగార్జునకొండకు వెళ్లాం. ఇక్ష్వాకుల విజయపురి లోయ నీట మునగకముందే తవ్వి, దొరికిన శిల్పాల్ని కొండమీద మ్యూజియంలో పెట్టారు. బుర్ఖా వేసుకున్న మనిషి బుద్ధుడి శిల్పం ముందు నిలబడేసరికి పక్కనున్నావిడ "మీరూ ఇవన్నీ చూస్తారా?" అనడిగింది. మా పెద్దమ్మాయి ఠక్కున అంది: "మా సోషల్ పాఠంలో ఉంది ఆంటీ." మధ్యాహ్నం చెట్టుకింద టిఫిన్లు విప్పుతుంటే అదే కుటుంబం కాస్త ఎడంగా జరిగింది. మా డబ్బాలో ఉన్నది దోసకాయ పప్పు, అన్నం, ఆవకాయ. ఆవకాయ వాసన గాలికి అటు పోయింది. కాసేపటికి ఆవిడే వచ్చి "ఇంట్లో పెట్టిందేనా?" అనడిగి ఒక ముక్క వేయించుకుంది.

ఇంటికొచ్చేసరికి బదిలీ కబురు. మళ్లీ ఇల్లు వెతకాలి. ఈ పని మాకు కొట్టిన పిండి. ఫోన్లో మాట్లాడినంతసేపూ "టీచర్లా, రండి సార్, తప్పకుండా ఇస్తాం" అంటారు. పేరు చెప్పగానే దూరపు చుట్టం ఒకాయన నిన్ననే అడ్వాన్సు ఇచ్చిపోయినట్టు గుర్తొస్తుంది. ఒకాయన నిజాయితీగానే చెప్పాడు. "మీరు మాంసం వండుతారు కదా సార్."

"మీరు వండరా?"

"వండుతాం. అది వేరు."

ఆయన పేరులో సైదులున్నాడు. సైదుల్ని కొడుక్కి పేరుగా పెట్టుకోవచ్చు. సైదులవాళ్లను ఇంట్లో పెట్టుకోకూడదు. ఈ లెక్క మాకు ఏ లెక్కల మాస్టారూ విప్పి చెప్పలేకపోయాడు. తిరిగి తిరిగి చివరికి మేం చేరేది మావాళ్ల గల్లీకే. అప్పుడు పెద్దమనుషులు అంటారు, "వీళ్లంతా ఒకేచోట గుంపుగా ఎందుకుంటారో!"

జూన్ వచ్చేసరికి కూనలు తల్లిపాలు మాని పెరుగన్నం తింటున్నాయి. బదిలీ సంగతి తెలిసి ఎదురింటి అవ్వ మనవడు వచ్చి తెల్లమచ్చల దాన్ని ఇమ్మని అడిగాడు. ఇచ్చాం. అవ్వ దానికి చిన్నిగిన్నెలో పాలు పోసింది. ఇప్పుడది ఏ మతమో అవ్వనే అడగాలి.

తల్లిపిల్లీ, మిగతా మూడూ మాతోనే వస్తాయి. ఇది చదివేవాళ్లలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లూ ఉంటారు. అద్దె ఎంతివ్వగలరని అడగండి, ఎంతమంది ఉంటారని అడగండి, నీళ్లు పొదుపుగా వాడమనండి. పిల్లులు వద్దంటే అదీ చెప్పండి, మాట్లాడుకుందాం. పేరు వినగానే మాత్రం మాట ఆపేయకండి. ఆగిపోయిన ఆ మాట మా అబ్బాకు ఎట్లా వినబడిందో మాకు తెలుసు. మా పిల్లలకు అది వినబడొద్దు.