కోటిపల్లి రేవున పొగబండి

మా మామ్మగారికి తొంబది యేండ్లు దాటినవి. ఆమె పుట్టినిల్లు ముక్తేశ్వరము. చిన్ననాడు గౌతమి గట్టున నిలిచి, ఆవలి యొడ్డున కోటిపల్లికి వచ్చు పొగబండి కూత వినుట ఆమెకు నిత్యకృత్యము. కాకినాడనుండి 1928లో వేసిన ఆ దారి పట్టాలను రెండవ ప్రపంచయుద్ధపు అవసరములకై 1940లో ఊడదీసికొని పోయిరి. అప్పటికి ఆమె యెనిమిదేండ్ల పిల్ల. అట్టి బండి పటము ఒక్కటి యింట నుండవలెనని ఆమె ముచ్చట.

మా అమలాపురమున ఆవిరిబండి నెచ్చట వెదకుదుము? అందుచే ఆశ్వయుజమున నీలగిరులకు వెళ్లితిమి. మేట్టుపాళయమునుండి ఉదకమండలమునకు 46 కిలోమీటర్ల దారి. అందు కూనూరు వరకు ఆవిరియంత్రమే నడుచును. పట్టాల నడుమ పళ్లుగల యినుపబద్దలుండును. యంత్రపు పళ్లచక్రము వానిని పట్టుకొని కొండ ప్రాకును. అయితే ఎక్కునప్పుడు యంత్రము పెట్టెలను లాగదు, వెనుకనుండి నెట్టును. ఈ సంగతి తెలియక మేము మలుపున పైవైపు కెమేరాతో కాచుకొనియుండగా పెట్టెలు మాత్రమే చిక్కినవి; యంత్రము చెట్లచాటున దాగిపోయెను! మరునాడు క్రిందివైపున నిలిచితిమి.

సోదరీమణులారా, ఆవిరి నిజముగా కంటికి కానరాదు. చల్లగాలి తగిలి నీటితుంపరలైనప్పుడే తెల్లని మబ్బువలె తోచును. కావున చలి పొద్దున తీసిన పటము మేలు. ఎండ ముదిరినకొలది ఆ తెలుపు త్వరగా కరగిపోవును. ఆ మాసములలో వానలకు చరియలు విరిగి బండి నిలిచిపోవుటయు కలదు. ముందుగా విచారించుకొని బయలుదేరవలెను.

పటమును మామ్మగారు చాలసేపు చూచి, "బాగానే ఉందర్రా. కాని మా బండి కొండలెక్కేది కాదు, గోదారి ఒడ్డుకొచ్చి ఆగేది" అనిరి.

కార్తికమున ఆమెను వెంటబెట్టుకొని ముక్తేశ్వరమునకు పోయి, తెల్లవారకముందే పంటు ఎక్కితిమి. దారి పొడవున వరిచేలు పండబారినవి. కోటిపల్లి రేవున స్నానములు చేసి సోమేశ్వరునికి దీపములు పెట్టు స్త్రీలు కిక్కిరిసియుండిరి. ఈ యొడ్డునకు 2004లో మరల పట్టాలు వచ్చినవి; ఒంటిపెట్టె రైలుబస్సు కొంతకాలము తిరిగినది గాని దానికి పొగ యెక్కడిది! అమలాపురము, రాజోలుమీదుగా నరసాపురమునకు దారి వేయవలెనన్న గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడింటిని దాటవలెను. అందుకై లేపిన స్తంభములు నదిలో వరుసగా కానవచ్చినవి. మామ్మగారు వానివంక చూడనేలేదు.

పంటు నడిమి కొచ్చుసరికి చేయి చాచి, "అదిగో, అక్కడ ఆగేది" అనిరి. అప్పుడే పటము తీసితిమి. అందు బండి లేదు. ఆమె చూపిన వైపున నీటిపై తెల్లని మంచు మాత్రము కలదు.

రెండు పటములను ఒకే చట్రమున బిగించి గోడకు తగిలించితిమి. ఇంటికి వచ్చినవారికి మామ్మగారు రెండవదానినే మొదట చూపుచున్నారు.